క్రాస్ కంట్రీ గుర్రపుస్వారీ విహారం

పచ్చికబయళ్లు, అడవి అంచులు, నీటిమడుగుల మీదుగా సాగే దారిలోని అడ్డంకులను గుర్రంపై దూకి దాటుతూ పోవడాన్ని క్రాస్ కంట్రీ అంటారు. ఇది డ్రెసాజ్, అనగా గుర్రానికీ రౌతుకూ ఉన్న పొందికను పరీక్షించే నడకల విన్యాసంతోను, మైదానంలో కర్రల అడ్డంకులను దూకే షో జంపింగ్‌తోను కలిసి ఈవెంటింగ్ అనే పోటీగా 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది.

ఈ స్వారీ నేర్పే విహారాలకు ఐర్లాండ్ పేరుపొందింది. 1752లో కార్క్ కౌంటీలో బటెవంట్ చర్చి నుంచి డోనరైల్ చర్చి వరకు, స్టీపుల్, అనగా చర్చి గోపుర శిఖరమే గురిగా, కంచెలు దూకుతూ సాగిన పందెం నుంచే, అడ్డంకులు దూకే గుర్రపు పందేనికి స్టీపుల్‌చేజ్ అనే మాట పుట్టిందని చెబుతారు. థరోబ్రెడ్, ఐరిష్ డ్రాఫ్ట్ జాతుల సంకరమైన ఐరిష్ స్పోర్ట్ హార్స్ ఈ పనికి మిక్కిలి అనువైనది.

విహారాన్ని ఎంచుకొనేటప్పుడు అన్నిటికన్న ముఖ్యంగా గమనించవలసినది, షో జంపింగ్ కర్రలు తగిలితే పడిపోతాయి గాని ఇక్కడి దుంగలు సాధారణంగా కదలవు, కాబట్టి పొరపాటు గుర్రాన్నే పడవేయగలదన్న సంగతి. అందువల్ల మొదటిరోజు చదునునేలపై రౌతు నైపుణ్యాన్ని పరీక్షించి, చిన్న దుంగలతో మొదలుపెట్టి, గుంటలను, మట్టి గట్లను, నీటిని క్రమంగా పరిచయం చేసే కేంద్రమే మేలైనది; ఎత్తైన అడ్డంకుల ఫోటోలను బట్టి నిర్ణయించుకోవడం తగదు. శిరస్త్రాణం, ఛాతీని కాపాడే కవచం తప్పనిసరి. రౌతు బరువుపై పరిమితి విధించే కేంద్రం గుర్రాల క్షేమాన్ని పట్టించుకొంటున్నట్లే. ప్రయాణబీమా అడ్డంకులు దూకే స్వారీకి వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.