ఉప్పు వెనకాల వచ్చిన అప్పు

డుంబ్రిగుడ మిత్రులతో అరకు శుక్రవారం సంతకు వెళ్తే నా కాళ్లు ముందు ఉప్పు, ఎండుచేపలు అమ్మేచోటికే పోతాయి. కొండమీద దొరకని సరుకులవి. మన్యం అప్పుల చరిత్ర కూడా అలాంటి సరుకులతోనే మొదలైంది. మైదానం నుంచి వచ్చిన సావుకారు ఉప్పు, బట్ట అరువిచ్చేవాడు. బాకీ కింద చింతపండు, పిప్పళ్లు, చివరికి పొలం పట్టుకుపోయేవాడు.

ఇది ముదిరాకే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ చట్టం తెచ్చింది. కొండవాళ్ల అప్పు మీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ కూడదంది, భూమి చేతులు మారడానికి అడ్డుకట్ట వేసింది. 24 అంటే నెలకు రెండు రూపాయల వడ్డీ. మా ఊళ్లో ఇప్పటికీ దాన్ని ధర్మవడ్డీ అనే అంటారు! 1956లో అటవీ ఫలసాయం కొనడానికి గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో బిగించారు. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ కాబట్టి దాన్నే వన్ ఆఫ్ సెవెంటీ అంటారు.

కానీ సంతలో కొలత సంగతి ఏ చట్టానికీ పూర్తిగా చిక్కలేదు. ఆ రోజు ఒక ముసలమ్మ కందులు కుంచంలో పోసి అరచేత్తో చదును చేయబోతే, వ్యాపారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గింజలు పొంగేలా పొయ్యాల, డబ్బులు మాత్రం లెక్కకే ఇస్తాడు మాస్టారూ" అన్నాడు పక్కనున్న మిత్రుడు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి కందులకు, పిప్పళ్లకు ఆ గుర్తింపు లేదు. సంతకు వెళ్తే కొండవాళ్లు చెప్పిన ధరకే, పొంగు లేకుండా చదును చేసిన తలకొట్టు కొలతకే కొనండి.