పన్నెండు వైపుల హరిశ్చంద్రుడు

మా ఇంట్లో హరిశ్చంద్రుడు ఒక వేపచెక్క పెట్టెలో ఉండేవాడు. ఆరు ప్లేట్లు, పన్నెండు వైపులు. కంపెనీ వాళ్లు ఇచ్చిన అట్టపెట్టె ఎలుకల పాలయ్యాక తాతయ్య వడ్రంగి చేత కొలత పెట్టించి ఈ పెట్టె చేయించాడట. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య గోనెపట్టా ముక్క. మూత తీయగానే లక్క వాసనా, పాత గోనె వాసనా, వాటి వెనక సన్నగా మిరపకాయ ఘాటూ కలిసి వచ్చేవి. పెట్టె ఉండే కొట్టులోనే కాయలు కూడా పోసేవాళ్లు మరి. చిలకలూరిపేట అవతల నల్లరేగడి ఊరు మాది. పత్తి, మిరప, అంతకు ముందు పొగాకు. ఆ పొగాకు డబ్బుతోనే, పెళ్లైన కొత్తలో, గుంటూరు వెళ్లి గ్రామఫోనూ ఈ సెట్టూ కొనుక్కొచ్చాడు తాతయ్య.

'సెట్టు' అంటే ఈ తరానికి చెప్పాలి. 78 వేగంతో తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది. పాటకు అది చాలు. నాటకానికి చాలదు. అందుకని కంపెనీలు ఒక నాటకాన్ని నాలుగో, ఆరో ప్లేట్ల మీదికి ఎక్కించి, వరసన నంబర్లు వేసి, ఒకటిగా అమ్మేవి. పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే అవస్థ. పెద్ద సంగీత రచన ఒక్క ప్లేటులో పట్టేది కాదు. 1909లో ఓడియన్ కంపెనీ చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్' సంగీతాన్ని నాలుగు ప్లేట్లుగా ఒకే కట్టలో అమ్మింది. ఫొటోల పుస్తకంలా కాగితపు సంచులు కుట్టి అందులో ప్లేట్లు పెట్టేవాళ్లు కాబట్టే వాటికి ఆల్బమ్ అని పేరు పడింది. ఇప్పుడు ఫోనులో 'కొత్త ఆల్బమ్' అంటున్న మాట ఆ కుట్టిన సంచుల నుంచి వచ్చిందే.

మన దగ్గర ఆ చోటు నాటకం తీసుకుంది. 1930లలో మద్రాసు రికార్డింగు గదుల్లోకి తెలుగు రంగస్థల నటులు వరస కట్టారు. కుక్కబొమ్మ హెచ్.ఎం.వి. ఉండేది, కొలంబియా ఉండేది, హచిన్స్ ఉండేది. తర్వాత ఏవీఎం స్టూడియో అధిపతి అయిన మెయ్యప్పన్ ఆ రోజుల్లో సరస్వతీ స్టోర్స్ పేరుతో ఓడియన్ ప్లేట్లు అమ్ముకున్న మనిషే. తెల్లవార్లూ ఆడే నాటకాన్ని గదిలో నిలబడి ముప్పై ఆరు, నలభై నిమిషాల్లో ముగించాలి. రాగం తీస్తూ నిలిస్తే మైనం మీద చోటు అయిపోతుంది. స్టేజీ మీద ఒక పద్యానికి ఎనిమిది నిమిషాలు తీసుకునే నటుడు ఆ గదిలో రెండున్నర నిమిషాల్లో బయట పడాల్సి వచ్చేది.

మా ఇంట్లో సెట్టు వేయడం ఒక తంతు. శివరాత్రి జాగారానికి తప్పకుండా వేసేవాళ్లు. ఊరి ప్రభ కోటప్పకొండకు బయల్దేరిపోయాక, కొండకు వెళ్లలేని ముసలివాళ్లంతా మా అరుగు మీద చేరేవాళ్లు. కీ ఇచ్చే పని నాది. లెక్కపెట్టి తిప్పాలి. ఎక్కువైతే స్ప్రింగు తెగుతుంది, తక్కువైతే చివర్లో చంద్రమతి గొంతు మగగొంతులోకి జారిపోతుంది. ప్రతి వైపుకీ ముల్లు మార్చాలి. అరిగిన ముల్లును తాతయ్య వేలి కొసన నిలబెట్టి, వెలుగులో ఒకసారి చూసి, చిన్న రేకు డబ్బాలో వేసేవాడు. పారేసేవాడు కాదు. ప్లేటు తిప్పి, ముల్లు మార్చి, కీ ఇచ్చే ఆ నిమిషంలోనే అరుగు మీద అసలు నాటకం నడిచేది. 'స్టేజీ మీదయితే ఇక్కడ ఇలా అనరు' అని ఒకరు, 'నరసరావుపేటలో ఈ పద్యానికి మూడు వన్స్‌మోర్లు పడ్డాయి' అని ఇంకొకరు. ఏకధాటిగా గంటలు గంటలు వినిపించే ఇప్పటి సౌకర్యంలో నాకు కొరతగా తోచేది ఆ ఒక్క నిమిషమే.

సెట్టు అంటే కుదింపు, అసలు నాటకం అంటే స్టేజీ మీదదే అని చాలాకాలం అనుకునేవాణ్ని. నాటకాలు ఆడించిన పెద్దవాళ్లతో కూర్చున్నాక ఆ అభిప్రాయం మారింది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మా నాన్న తరం చూసిన నాటకం కూడా ఒక విధంగా సెట్టే. కాంట్రాక్టు నాటకం అనేవాళ్లు. కాయలు అమ్మిన డబ్బు చేతిలో ఆడే వేసవిలో, తిరునాళ్లకో, శ్రీరామనవమి పందిరికో, కాంట్రాక్టరు పేరున్న నటులందరినీ ఒక్క రాత్రికి పిలిపించేవాడు. 'పాండవోద్యోగ విజయాలు' ఆడితే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. 'చింతామణి'కి ఒకరి తర్వాత ఒకరు బిల్వమంగళులు. ఇంకొన్ని రాత్రులు నాటకం పేరే ఉండదు. గయోపాఖ్యానం నుంచి యుద్ధం, చింతామణి నుంచి భవానీ సీను, తెల్లవారుజామున హరిశ్చంద్రలో కాటిసీను. తిరుపతి వేంకట కవులు రాసిన 'పాండవోద్యోగ విజయాలు' మొదటి నుంచి చివరి దాకా వరసగా చూసినవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. మంచి పద్యాలు ఏరి ఒక్క రాత్రిలో గుదిగుచ్చి వినడమే మా వాళ్లకు అలవాటు. కంపెనీలు చేసిందల్లా ఆ ఏరిన దాన్ని మరింత ఏరి లక్క మీదికి ఎక్కించడం.

ఏరినప్పుడు ఏం పోతుందో కూడా చెప్పుకోవాలి. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ ప్లేటు మీద పాడతారు. బాగుంటుంది. కానీ ఆయనను చూసినవాళ్లు చెప్పేది పాట గురించి కాదు. ఆ నడక, అలకలో వాలుజడ తిప్పిన తీరు, చీర కుచ్చిళ్ల మీద చెయ్యి. మగవాడన్న సంగతి మరిచిపోయి ఆడవాళ్లు ఆ చీరకట్టు నేర్చుకోవాలనుకున్నారని చెప్పుకునేవాళ్లు. అదంతా ప్లేటులోకి ఎక్కదు కదా. అదే సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్య విషయంలో ప్లేటు గెలుస్తుంది. నోట్లో వేలు పెట్టి ఆయన ఈలతో రాగం తీస్తుంటే స్టేజీ ముందు ఈలలూ చప్పట్లూ కలిసిపోయి అసలు ఈల వినపడేది కాదని మా తాతయ్య ఫిర్యాదు. ప్లేటులో మాత్రం ఆ ఈల ఒంటరిగా, నిక్కచ్చిగా వినిపిస్తుంది.

ఇంకో చిక్కు పేర్లది. హరిశ్చంద్ర సెట్టు మీద రచన అన్నచోట బలిజేపల్లి లక్ష్మీకాంతం పేరుంటుంది. న్యాయమే. బాపట్ల తాలూకా ఇటికంపాడులో 1881లో పుట్టి, గుంటూరులో చంద్రికా ముద్రాక్షరశాల నడిపి, ఈ నాటకంతో తెలుగుదేశమంతా తిరిగినవాడు. అయితే మా అరుగు మీద ముసలివాళ్లు కళ్లు తుడుచుకునే కాటిసీను పద్యాలు ఆయనవి కావు. అవి వినుకొండ జాషువావి. 'ఖండకావ్యం'లోని శ్మశానవాటి పద్యాలను నటులు హరిశ్చంద్రుడి నోట పెట్టారు. అవి అక్కడే పుట్టాయన్నట్టు అతుక్కుపోయాయి. నాటకం పుస్తకం తెరిస్తే ఆ పద్యాలు కనిపించవు. స్టేజీ మీద అవి లేకపోతే జనం ఊరుకోరు. గుడిలోకి రానివ్వని కులంలో పుట్టిన కవి పద్యం లేకుండా మా గుడి ముందు పందిట్లో హరిశ్చంద్ర నాటకం పూర్తయ్యేది కాదు. ఆ పద్యాలు పాడుతున్నవాళ్లలో, వింటున్నవాళ్లలో ఎందరికి ఆ పేరు తెలుసో ఆలోచిస్తే ఇబ్బందిగానే ఉంటుంది. ఇక హార్మోనిస్టు సంగతి సరేసరి. పద్యం ఎత్తుకోక ముందు శ్రుతి ఇచ్చి, నటుడు రాగంలో దారి తప్పితే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు ఆయనే. లేబులు మీద ఆయనకు చోటు దొరకడం అరుదు.

సినిమా రాగానే సెట్లు పడుకున్నాయని అంటారు గానీ అంత తొందరగా ఏమీ పడుకోలేదు. 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ హరిశ్చంద్ర, చంద్రమతులుగా సినిమా వచ్చింది. అయినా తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్లకు ఈ సెట్టు కొన్నాడు. దాన్ని నిజంగా అటక ఎక్కించింది క్యాసెట్టు. 1980లలో చిలకలూరిపేట బస్టాండు దగ్గర టీ కొట్లలో పొద్దున్నే రాయబారం మోగేది. క్యాసెట్టుకు ఒక వైపు ముప్పై నిమిషాలు. రాగాలకు మళ్లీ ఊపిరి వచ్చింది. కొత్త బాధలూ వచ్చాయి. టేపు అయిపోయే చోట పద్యం మూడో పాదం దగ్గర టక్కున తెగుతుంది. రెండో వైపు నాలుగో పాదం నుంచి ఎత్తుకుంటుంది. చుట్టుకుపోయిన టేపును పెన్సిలు పెట్టి తిప్పిన వేళ్లు ఈ వ్యాసం చదువుతున్న వాళ్లలో చాలామందికి ఉండే ఉంటాయి.

తర్వాత ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. ఒక్క సీడీలో వంద పద్యాలు, రెండొందల పద్యాలు. కొన్నప్పుడు పండగే. ఇంటికొచ్చి వింటే ఒకే పద్యం మూడు పేర్లతో మూడుచోట్ల. ఒకరు పాడిన దానికి ఇంకొకరి పేరు. పాత ప్లేటును వేగం సరిచూడకుండా ఎక్కించడంతో శ్రుతి అర పెరిగి, దుర్యోధనుడు గొంతు విరగని కుర్రాడిలా పలుకుతాడు. గీతల చప్పుడు తీసేస్తామని కొందరు ప్లేటును మరీ శుభ్రం చేస్తారు. చప్పుడుతో పాటు హార్మోనియం తిత్తి ఊపిరీ పోతుంది. అన్నీ ఉన్నాయన్న తృప్తికి, ఏదీ సరిగ్గా లేదన్న చిరాకుకు నడుమ నేను ఇప్పటికి ఆరేడు సీడీలు, రెండు పెన్‌డ్రైవులు పోగేశాను. కొత్తది కనిపిస్తే ఇప్పటికీ కొంటాను.

ఇంతకూ మా సెట్టులో నాలుగో ప్లేటు లేదు.

నాకు ఊహ తెలిసేటప్పటికే లేదు. పెట్టెలో దాని చోట రెండు గోనెముక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఆరో వైపు అయిపోయాక తాతయ్య సౌండ్‌బాక్సు పైకెత్తి, గొంతు సవరించుకుని, తనే పాడేవాడు. కాశీ వీధిలో భార్యను అమ్మకానికి పెట్టిన హరిశ్చంద్రుడి పద్యం ఒకటి, చంద్రమతి జవాబు ఒకటి. పొలం మనిషి గొంతు. పై స్థాయిలో పగిలేది. అయినా అరుగు మీద ఎవరూ దగ్గేవాళ్లు కూడా కాదు. అది పూర్తయ్యాక ముల్లు మార్చి, తొమ్మిదో వైపు వేసేవాడు. ఏడు, ఎనిమిది వైపుల్లో ఉన్నవి ఆ రెండు పద్యాలేనని మేమందరం అనుకున్నాం. అలా అని తాతయ్య ఎప్పుడూ చెప్పలేదు. మేమూ ఎప్పుడూ అడగలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు తెనాలిలో ఒక పెద్దాయన దగ్గర అదే సెట్టు, అదే లేబులు, ఆరు ప్లేట్లూ చెక్కుచెదరకుండా కనిపించాయి. కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తానన్నారు. నాలుగోది ముందు వెయ్యమన్నాను. కాశీ పద్యం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. కాశీ లేదు. అమ్మకం లేదు. ఏడో వైపంతా నక్షత్రకుడు. ఎనిమిదో వైపూ నక్షత్రకుడే. గడువు దాటుతోందనీ, మా గురువుగారి సొమ్ము ఎప్పుడిస్తావనీ, నడవలేనంటే కుదరదనీ, అడుగడుగునా వెంటపడి రాజును పీక్కుతినే సంభాషణ. మధ్యలో వెకిలి నవ్వులు. బాగా చేశాడు నటుడు. ఆ రోజుల్లో దీనికి జనం పడీపడీ నవ్వి ఉంటారు. అప్పులవాణ్ని నక్షత్రకుడనడం మా వైపు ఇప్పటికీ ఉంది.

ఊరొచ్చి నానమ్మకు ఫోనులో వినిపించాను. వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఏడో వైపు కొంత విని, 'చాల్లే, ఆపరా' అంది.

'నానమ్మా, ఈ ప్లేటు మనింట్లో ఎప్పుడు పగిలింది?'

'తెల్లదోమ ఏడు.'

1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తినేసిన రోజులవి. ఎన్ని మందులు కొట్టినా దోమ పోలేదు, మందుల బాకీ మిగిలింది. ఆ తర్వాత కొన్నేళ్లకు పత్తి రైతుల చావులు పేపర్లకెక్కాయి. మా తాతయ్యకు పురుగుమందుల కొట్లో బాకీ ఉండేదనీ, కొట్టు గుమాస్తా వారం వారం సైకిలు మీద వచ్చి ఈ అరుగు మీదే కూర్చునేవాడనీ నాకు తెలుసు.

'పగిలిందా, పగలగొట్టాడా?'

నానమ్మ ఒక కాయ తీసి, తొడిమ తుంచి, కాయను ఇటూ తొడిమను అటూ వేసింది. ఇంకో కాయ తీసుకుంది.