సూర్యాపేటకు 3 ఎఫ్‌ఎం ఛానెళ్లు.. మరి ఘంటసాల పాటకు చోటుందా? రేడియోలో పాత పాటలు ఎందుకు తగ్గాయి?

సూర్యాపేటకు ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియో వచ్చే దారి తెరుచుకుంది. దేశవ్యాప్తంగా 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానెళ్లకు ఈ-వేలం నిర్వహించేందుకు కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో తెలంగాణ నుంచి 10 పట్టణాలు, 31 ఛానెళ్లు ఉన్నాయి. సూర్యాపేటకు 3, నల్గొండకు 3 కేటాయించారు. కోదాడ, మిర్యాలగూడ పేర్లు మాత్రం జాబితాలో లేవు.

స్టేషన్ వస్తే లోకల్ యాడ్స్ వస్తాయి, లోకల్ ఆర్జేలు వస్తారు, కొత్త సినిమా పాటలు దంచికొడతాయి. అందులో డౌట్ లేదు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఘంటసాల, సుశీల, పి.బి. శ్రీనివాస్ పాటలు వినే పెద్దవాళ్లకు అందులో చోటుంటుందా? పెద్ద నగరాల ఎఫ్‌ఎంలలో పాత పాటల సంగతి ఏమైందో చూస్తే కొంత అర్థమవుతుంది.

రెండు నగరాల మధ్య గరగర

ఈ మూడు ఊళ్ల రేడియో కథ అర్థం కావాలంటే ముందు మ్యాప్ చూడాలి. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి 65 మీద ఉన్నాయి. హైదరాబాద్‌కు సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకో 45 కిలోమీటర్లు వెళితే కోదాడ. మిర్యాలగూడ ఆ హైవేకు దక్షిణాన, నల్గొండ జిల్లాలో ఉంది.

ఎఫ్‌ఎం సిగ్నల్ దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తుంది. నగరం దాటి అరవై, డెబ్బై కిలోమీటర్లు వెళ్లేసరికి సాధారణంగా బలహీనపడుతుంది. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ రేడియో మిర్చి ఫ్రీక్వెన్సీ ఒక్కటే, 98.3. కారులో ముల్లు అక్కడే పెట్టి హైవే మీద వెళితే హైదరాబాద్ గొంతు మెల్లగా తగ్గిపోతుంది, చాలాసేపటికి విజయవాడ గొంతు మొదలవుతుంది. మధ్యలో వినిపించే గరగరలోనే సూర్యాపేట ఉంది.

ఈ ప్రాంతానికి రేడియో అంటే చాలాకాలం మీడియం వేవే. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద వినిపించేవి. మీడియం వేవ్ నేలను అంటుకుని చాలా దూరం పోతుంది కాబట్టి రెండు నగరాల మధ్య ఊళ్లకు కూడా అందేది.

పాత పాటకు రేడియోలో చోటు ఎలా వచ్చింది?

సినిమా పాటకు రేడియోలో చోటు అంత ఈజీగా దొరకలేదు. 1952లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా సంగీతం అంటే గిట్టేది కాదు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించేశారు. శ్రోతలు ఊరుకుంటారా? షార్ట్ వేవ్‌లో రేడియో సిలోన్ పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలై దేశాన్ని ఊపేసింది. తెలుగువాళ్లకైతే సిలోన్ అనగానే మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తొస్తుంది. రేడియో సిలోన్ నడిచింది ప్రకటనల డబ్బు మీదే. అంటే మన వాళ్లకు సినిమా పాటను తిరిగి దగ్గర చేసింది కమర్షియల్ రేడియోనే.

ఆ దెబ్బకు ఆకాశవాణి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి ప్రారంభించింది. 1967 నవంబర్‌లో దానిలోకి వాణిజ్య ప్రకటనలు కూడా వచ్చాయి. తెలుగులో జనరంజని, మీరు కోరిన పాటలు లాంటి కార్యక్రమాలు ఇంటింటి మాటయ్యాయి.

ఆ కార్యక్రమాల్లో ఒక పద్ధతి ఉండేది. పాట ముందు సినిమా పేరు, రాసినవారు, సంగీతం, పాడినవారు అని వరుసగా చెప్పేవారు. ఆ తర్వాత పాట కోరినవారి పేర్లు, ఊళ్ల పేర్లు చదివేవారు. పోస్ట్‌కార్డు రాస్తే చాలు, ఎక్కడో పల్లెటూరి పేరు కూడా రేడియోలో మోగేది.

ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చాక ఏం మారింది?

దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం 2001 జులైలో బెంగళూరులో రేడియో సిటీ పేరుతో మొదలైంది. రెండో దశ వేలం తర్వాత, 2006 నుంచి హైదరాబాద్‌లో రేడియో సిటీ, మిర్చి, బిగ్ ఎఫ్‌ఎం లాంటి స్టేషన్లు వరుసగా వచ్చాయి. విజయవాడ, వరంగల్, విశాఖ, తిరుపతి, రాజమండ్రిలోనూ ఎఫ్‌ఎం మోగింది.

పాత పాటలు పూర్తిగా మాయం కాలేదు. ఎక్కువగా రాత్రి స్లాట్‌కు వెళ్లాయి. ఇంకో మార్పు కూడా వచ్చింది, ‘పాత’ అన్న మాటకు అర్థమే జరిగిపోయింది. ఒకప్పుడు పాత పాట అంటే మల్లీశ్వరి, దేవదాసు, మాయాబజార్ కాలం. తర్వాత ఇళయరాజా, చక్రవర్తి పాటలు పాతవయ్యాయి. ఇప్పుడు 90ల పాట వేసినా ‘ఓల్డ్ ఈజ్ గోల్డ్’ అంటున్నారు. కాలం కదిలేకొద్దీ ముందు వరుస పాటలు లిస్టు నుంచి జారిపోతాయి. 1950, 60ల పాటకు జరిగింది ఇదే.

పాత పాట ఖరీదు ఎక్కువా?

చాలామంది అనుకునేది, పాత పాటలకు రాయల్టీ భారం ఎక్కువని. కానీ లెక్క చూస్తే అలా కనిపించదు.

2010 ఆగస్టు 25న కాపీరైట్ బోర్డు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఎఫ్‌ఎం స్టేషన్లు తమ నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం మ్యూజిక్ కంపెనీలకు కట్టాలి. అది 2020 సెప్టెంబర్ వరకు అమల్లో ఉంది. ఆదాయం మీద శాతం కాబట్టి పాత పాట వేసినా, కొత్త పాట వేసినా ఖర్చులో తేడా లేదు. 2020 డిసెంబర్ 31న వచ్చిన ఆదేశంలో పాట మోగిన సమయాన్ని బట్టి లెక్క కట్టే పద్ధతి తెచ్చారు.

ఇంకో పాయింట్ ఉంది. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌పై హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1957లో వచ్చిన మాయాబజార్ రికార్డులపై ఆ హక్కు 2017తో ముగిసింది. అయితే సాహిత్యం, స్వరాల మీద హక్కు వేరు. అది రచయిత, స్వరకర్త మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో కన్నుమూశారు కాబట్టి వారి రచన, స్వరాలపై హక్కులు ఇంకా ఉన్నట్టే. ఏదేమైనా కొత్త పాట కంటే పాత పాట ఖరీదు ఎక్కువ అనడానికి ఆధారం లేదు.

లెక్కలోకి రాని శ్రోతలు

మరి అసలు కారణం? ప్రకటన ఇచ్చేవాడు ఎవరిని వెతుకుతున్నాడన్నదే. ఫోన్లు, బైకులు, బట్టల షోరూంలు, కోచింగ్ సెంటర్లు.. వీళ్లందరికీ కావాల్సింది కుర్రకారు, కొత్తగా సంపాదిస్తున్నవాళ్లు. అరవై దాటిన శ్రోత ఎంత శ్రద్ధగా విన్నా ప్రకటనల మార్కెట్లో ఆయన విలువ తక్కువ.

వినేవాళ్లను లెక్కపెట్టే పద్ధతిలోనూ సమస్య ఉంది. రేడియో శ్రోతల సర్వే ‘ర్యామ్’ మొదలైంది 2007లో. అది ముంబై, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా నగరాలకే పరిమితమైంది. తెలుగు నగరం ఒక్కటీ అందులో లేదు. హైదరాబాద్‌కే దిక్కు లేకపోతే కోదాడలో ఎవరు ఏ పాట వింటున్నారో ఎవరికి తెలుస్తుంది? లెక్కలో లేని శ్రోత ఇష్టం ప్లేలిస్టులోకి చేరదు. ‘పాత పాటలు ఎవరూ వినడం లేదు’ అనే మాటను ఇక్కడే కాస్త ఆగి చూడాలి. వినేవాళ్లు లేకపోవడం వేరు, వినేవాళ్లను ఎవరూ అడగకపోవడం వేరు.

డిమాండ్ ఉందనడానికి గుర్తులు రేడియో బయట కనిపిస్తాయి. 1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన పాడుతా తీయగా పాత పాటలను కొత్త తరం గొంతుల్లో ఇంటింటికీ చేర్చింది. 2017లో సరిగమ సంస్థ పాత పాటలు నింపిన కారవాన్ అనే పెట్టె తెచ్చింది, చూడటానికి అచ్చం పాతకాలపు రేడియోలా ఉంటుంది. తర్వాత తెలుగు పాటల కారవాన్ కూడా వచ్చింది. రేడియోలో ఫ్రీగా వచ్చిన పాట కోసమే జనం వేల రూపాయలు పెట్టారన్నమాట.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా?

ఉన్నాయి. కానీ యూట్యూబ్‌లో పాట దొరకాలంటే దాని పేరు తెలియాలి, టైప్ చేయడం రావాలి, డేటా ఉండాలి. రేడియోకు ఇవేవీ అక్కర్లేదు. మనం మరిచిపోయిన పాటను అదే తెచ్చి వినిపిస్తుంది. కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లకు, చేతులు పనిలో ఉన్నవాళ్లకు ఆ తేడా చాలా పెద్దది.

ఫోన్లు కూడా రేడియోకు దూరమయ్యాయి. మొబైల్‌లో మీడియం వేవ్ అసలు రాదు. ఎఫ్‌ఎం ఉన్న ఫోన్‌లో సాధారణంగా వైర్ ఇయర్‌ఫోనే యాంటెన్నాగా పనిచేస్తుంది. బ్లూటూత్ బడ్స్ పెడితే కుదరదు. కొన్ని కంపెనీలు ఎఫ్‌ఎం తీసేస్తుండటంతో, ఆ సౌకర్యాన్ని ఆపవద్దని కేంద్ర ఐటీ శాఖ 2023 ఏప్రిల్‌లో మొబైల్ తయారీదారులకు సూచించింది. అది సూచన మాత్రమే.

సూర్యాపేట స్టేషన్లు వస్తే ఏం చూడాలి?

కేబినెట్ ఆమోదం వచ్చినంత మాత్రాన స్టేషన్ వచ్చినట్టు కాదు. వేలంలో ఎవరో ఒకరు కొనాలి, టవర్ పెట్టాలి, లైసెన్స్ ఫీజు కట్టాలి. కొత్త పట్టణాలకు వార్షిక ఫీజును స్థూల ఆదాయంలో 4 శాతంగా నిర్ణయించారు. మాతృభాషలో స్థానిక కంటెంట్ పెంచడమే ఉద్దేశమని కేంద్రం చెప్పింది.

సూర్యాపేట స్థాయి పట్టణాలకు ట్రాన్స్‌మిటర్ శక్తి పరిమితంగానే ఉంటుంది. కాబట్టి 45 కిలోమీటర్ల దూరంలోని కోదాడకు సిగ్నల్ ఎంత స్పష్టంగా అందుతుందన్నది టవర్ ఎత్తు, స్థలం మీద ఆధారపడి ఉంటుంది. మిర్యాలగూడకు నల్గొండ స్టేషన్లు కూడా ఒక ఆశ.

మూడో దశ నిబంధనల్లో ఒక సంస్థ తన స్టేషన్లన్నింటిలో ఒకే కార్యక్రమాన్ని నడుపుకోవచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి హైదరాబాద్ ప్లేలిస్టునే సూర్యాపేటలోనూ వేస్తే, ఊరి పేరు మాత్రమే లోకల్ అవుతుంది. ఇన్ని గంటలు పాత పాటలు వేయాలన్న రూల్ ఏదీ ప్రైవేటు ఎఫ్‌ఎంలకు లేదు.

అలాగని చిన్న పట్టణంలో పాత పాటకు వ్యాపారమే లేదని అనలేం. పొద్దున్నే వినే పెద్దవాళ్లకు చెప్పాల్సిన విషయం మెడికల్ షాపులకు ఉంటుంది, కంటి ఆసుపత్రులకు ఉంటుంది, ఎరువుల దుకాణాలకు, నగల కొట్లకు కూడా ఉంటుంది. ఉదయం ఒక గంట, రాత్రి ఒక గంట ఇచ్చి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు వినాలంటే ఎలా?

ప్రసార భారతి ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో ఆకాశవాణి స్టేషన్లు లైవ్‌లో వస్తాయి, తెలుగు కేంద్రాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ పరిధిలో ఉంటే వివిధ భారతి 102.8 ఎఫ్‌ఎంలో వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే యాప్ పెట్టి, స్టేషన్ ఒకసారి సెట్ చేసి ఇవ్వండి. పాట పేరు టైప్ చేయాల్సిన పని వాళ్లకు ఉండదు.