సుందర్‌బన్స్: ఏ చెట్టు ఎక్కడ బతకాలో ఉప్పు ఎలా నిర్ణయిస్తుంది?

గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు బంగాళాఖాతంలో కలిసే చోట సుమారు 10 వేల చదరపు కిలోమీటర్ల మేర మడ అడవి ఉంది. అదే సుందర్‌బన్స్. ఇందులో దాదాపు 60 శాతం బంగ్లాదేశ్‌లో, మిగతాది పశ్చిమ బెంగాల్‌లో ఉంది.

ఈ అడవికి ఆ పేరు సుందరి అనే చెట్టు వల్లే వచ్చిందని ఎక్కువ మంది నమ్మకం. కానీ అడవిలో అన్ని చోట్లా సుందరి కనిపించదు. బంగ్లాదేశ్ వైపు తూర్పు భాగంలో ఒత్తుగా పెరుగుతుంది. పడమరకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. భారత్ వైపు చాలా చోట్ల అరుదు.

నేల ఒకటే, వాన ఒకటే, ఎండ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? నీటిలోని ఉప్పులో.

నిర్జీవ అంశాలు అంటే?

ఒక చోట ఏ జీవి బతకగలదో ముందుగా తేల్చేవి ప్రాణం లేని అంశాలే. వెలుతురు, వేడి, నీరు, నేల స్వభావం, ఆక్సిజన్, లవణీయత వంటివి. వీటిని నిర్జీవ అంశాలు అంటారు.

మైదానంలో నీటి లభ్యత, కొండల మీద చలి, సముద్రం లోతుల్లో వెలుతురు కీలకమవుతాయి. సుందర్‌బన్స్‌లో నేలకూ నీటికీ మధ్య గీత నిలకడగా ఉండదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. పొద్దున నేలగా ఉన్నది మధ్యాహ్నానికి నీళ్లలో ఉంటుంది. అందుకే ఇక్కడి జీవులు రెండు పరీక్షలు తట్టుకోవాలి. ఒకటి ఊపిరాడని బురద, రెండోది ఉప్పు.

ఊపిరాడని బురదలో వేర్లు

ఎప్పుడూ తడిసి ఉండే మెత్తటి ఒండ్రులోకి గాలి చొరబడదు. మామూలు చెట్ల వేర్లయితే కుళ్లిపోతాయి. మడ చెట్టు మాత్రం బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లను పంపుతుంది. నీరు తీసినప్పుడు అవి గాలి పీల్చుకుంటాయి.

ఉప్పును తట్టుకోవడంలో ఒక్కో చెట్టుది ఒక్కో దారి. మడ జాతి చెట్లు తమలోకి వచ్చిన ఉప్పులో కొంత భాగాన్ని ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు పంపేస్తాయి. ఉప్పు పొన్న వేర్ల దగ్గరే చాలా వరకు వడకట్టేస్తుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో కూడా ఈ రెండు రకాల చెట్లు కనిపిస్తాయి.

సుందరికి అంత ఓర్పు లేదు. నదుల మంచినీరు కలిసి ఉప్పు పలచబడిన చోటే అది బాగా ఎదుగుతుంది. ఉప్పు పెరిగిన చోట దాని బదులు తిల్ల వంటి చెట్లు ఆక్రమిస్తాయి. బంగ్లాదేశ్‌లో సుందరి చెట్లు కొస నుంచి ఎండుతూ చనిపోవడం దశాబ్దాలుగా కనిపిస్తున్న సమస్య. దానికి చెబుతున్న కారణాల్లో ఉప్పు పెరగడం ఒకటి.

నీటిలోనూ అదే లెక్క

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. సుందర్‌బన్స్ కాలువల్లో ఇది రుతువును బట్టి మారుతుంది. వానాకాలంలో నదుల వరద వచ్చి ఉప్పు తగ్గుతుంది. వేసవిలో నది సన్నబడితే సముద్రం లోపలికి ఎగదన్నుతుంది.

డాల్ఫిన్ల ఉనికి కూడా దీన్నే అనుసరిస్తుంది. గంగా డాల్ఫిన్‌కు మంచినీరు కావాలి, ఇరావడి డాల్ఫిన్ ఉప్పు కలిసిన నీటిలోనూ ఉండగలదు. రెండూ ఈ అడవి కాలువల్లో ఉన్నాయి. ఉప్పు పైకి పాకేకొద్దీ మొదటిదానికి చోటు కుంచించుకుపోతుంది.

ఉప్పు ఎందుకు పెరుగుతోంది?

ఒక కారణం భూగోళంలోనే ఉంది. గంగ ప్రధాన ప్రవాహం కొన్ని శతాబ్దాలుగా తూర్పుకు జరిగింది. దాంతో భారత్ వైపు మాత్లా, విద్యాధరి వంటి నదులకు ఎగువ నుంచి వచ్చే మంచినీరు దాదాపు ఆగిపోయింది. అవి ఇప్పుడు ఎక్కువగా పోటు నీటితో నిండే కాలువలే.

రెండో కారణం మనుషుల చేతిలో ఉంది. హుగ్లీలో పూడిక తగ్గించి కోల్‌కతా ఓడరేవును కాపాడేందుకు భారత్ 1975లో ఫరక్కా బ్యారేజీని ప్రారంభించింది. దీంతో వేసవిలో బంగ్లాదేశ్‌లోకి వెళ్లే గంగ నీరు తగ్గింది. అక్కడి నైరుతి ప్రాంతానికి మంచినీరు మోసే గోరాయ్ నది ఎండాకాలంలో సన్నబడింది.

మూడోది సముద్ర మట్టం పెరగడం. దానికి తుపాన్లు తోడవుతున్నాయి.

మనుషులకు దీనితో పనేమిటి?

భారత్ వైపు 102 దీవుల్లో 54 దీవుల్లో జనం ఉన్నారు. మట్టి కట్టలే వారి పొలాలకు రక్షణ. 2009 మే నెలలో ఐలా తుపాను ఆ కట్టలను తెంచినప్పుడు ఉప్పునీరు పొలాల్లో నిలిచింది. నీరు తీసేసినా ఉప్పు నేలలో మిగిలింది. చాలా చోట్ల తర్వాతి పంటలు పండలేదు. తాగునీటి చెరువులు పాడయ్యాయి. పని వెతుక్కుంటూ ఎంతో మంది వేరే రాష్ట్రాలకు వెళ్లారు. 2020 మే 20న ఆంఫన్ తుపానుతో మళ్లీ అదే నష్టం.

చెట్టుకు పనిచేసే సూత్రమే వరికీ పనిచేస్తుంది. మామూలు వరి వంగడాలు అంత ఉప్పును తట్టుకోలేవు. అందుకే కొందరు రైతులు ఉప్పును ఓర్చుకునే పాత దేశవాళీ విత్తనాల కోసం వెతికారు.

ముందున్న ప్రశ్న

ఫరక్కా దగ్గర గంగ నీటి పంపకంపై భారత్, బంగ్లాదేశ్ 1996 డిసెంబర్ 12న 30 ఏళ్ల ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1 నుంచి మే 31 వరకు, పది రోజుల లెక్కన వాటాలు తేలుస్తారు. దాని గడువు 2026 డిసెంబర్‌తో ముగుస్తుంది.

సముద్ర మట్టాన్ని ఈ రెండు దేశాలు ఆపలేవు. వేసవిలో ఎంత మంచినీరు డెల్టా దాకా చేరాలన్నది మాత్రం వాటి చేతిలోనే ఉంది. క్యూసెక్కుల్లో రాసే ఆ అంకెలు సుందరి చెట్టు ఎంత దూరం వరకు పెరగాలో, ఏ దీవిలో వరి పండాలో కూడా నిర్ణయిస్తాయి.