ముత్యము ఎవరి చేతిలో ఉన్నది? – ప్రవక్తలను గూర్చి బాగ్దాదులో జరిగిన ఒక సంవాదము

తెలుగు క్రైస్తవులు 'యెషయా ప్రవక్త' అందురు. తెలుగు ముస్లిములు 'ముహమ్మద్ ప్రవక్త' అందురు. ఇరువురును వాడు పదము ఒక్కటే. అది సంస్కృతము నుండి వచ్చినది. 'చక్కగా చెప్పువాడు, వివరించువాడు' అని దాని అర్థము. పదము ఒక్కటి గనుక భావము కూడ ఒక్కటే యని మనలో అనేకులు తలంచుచుందురు. అబ్రాహాము, మోషే, దావీదు, యేసు మొదలగువారు ఉభయ మతములలోను గౌరవింపబడుచున్నారు గదా, ఇక భేదమంతయు చివరి నామమును చేర్చుటలోనో విడుచుటలోనో ఉన్నదని సులభముగా నిర్ణయించుకొందురు.

ఈ నిర్ణయము సత్యమునకు దూరము. భేదము ప్రవక్తల సంఖ్యలో లేదు. ప్రవక్త యనగా ఎవడు, అతడు దేనికొఱకు పంపబడినాడు అను మూలప్రశ్నలోనే ఉన్నది. దీనిని గ్రహించుటకు పన్నెండు వందల సంవత్సరములకు పూర్వము బాగ్దాదు నగరమున జరిగిన ఒక సంవాదము మనకు మిక్కిలి తోడ్పడును.

ఇద్దరు వాదులు

అబ్బాసీ వంశపు ఖలీఫా అల్ మన్సూర్ క్రీ.శ. 762లో బాగ్దాదు నగరమును నిర్మింపనారంభించినాడు. అతని కుమారుడు అల్ మహదీ 775 నుండి 785 వరకు పాలించినాడు. ప్రసిద్ధుడైన హారూన్ అల్ రషీద్ ఈతని పుత్రుడే. ఆ రాజ్యమున క్రైస్తవులు అసంఖ్యాకముగా ఉండిరి. వారిలో 'తూర్పు సంఘము' అను శాఖకు అధిపతి మొదటి తిమోతి. ఈతడు 780లో పాత్రియార్కు పదవిని స్వీకరించి 823 వరకు, అనగా నలువది సంవత్సరములకు పైగా, ఆ పీఠమున ఉన్నాడు. సిరియా భాషలో పండితుడు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రచించిన వాదశాస్త్ర గ్రంథమొకటి ఖలీఫా ఆజ్ఞపై ఈతని పర్యవేక్షణలోనే అరబ్బీలోనికి వచ్చినది. మలబారు తీరమందలి ప్రాచీన క్రైస్తవులు శతాబ్దముల పాటు అనుసరించినది ఈ తూర్పు సంఘపు సంప్రదాయమునే.

782 ప్రాంతమున ఖలీఫా ఈ పాత్రియార్కును పిలిపించి, రెండు దినములు మతవిషయములను ప్రశ్నించినాడు. తిమోతి ఆ ప్రశ్నోత్తరములను సిరియా భాషలో లేఖగా వ్రాసి మిత్రునికి పంపినాడు. ఆ లేఖ నేటికిని నిలిచియున్నది. వ్రాసినవాడు వాదులలో ఒకడే గనుక అతని సమాధానములు అందులో కొంత ప్రకాశవంతముగా కనబడుట సహజము. చదువరి ఈ సంగతిని మనస్సున ఉంచుకొనవలెను. అయినను ఖలీఫా ప్రశ్నలు అందులో బలహీనముగా లేవు. అవి నిశితములు, నేటికిని ముస్లిము పండితులు వేయు ప్రశ్నలే.

ఇది సమానుల వినోదగోష్ఠి కాదు. అల్ మహదీ పాలనలోనే 'జిందీకులు' అను ముద్ర పడినవారు, ముఖ్యముగా మానీ మతానుయాయులు, వెదకి పట్టుకొనబడి శిక్షింపబడినారు. తిమోతి నోటినుండి ఒక్క మాట జారినను ఆ ఫలము అతనికే గాక అతని సంఘమంతటికిని తగులును. అట్లని సత్యమని తాను నమ్మినదానిని దాచినచో పీఠాధిపతిగా అతడు నిలువలేడు. ఈ రెంటి నడుమ నిలిచి అతడు మాటలాడవలసి వచ్చినది.

ఒకే నామములు, రెండు దర్శనములు

సంవాదములోనికి పోవుటకు ముందు ఉభయుల సిద్ధాంతములను స్థూలముగా తెలిసికొనవలెను.

ఇస్లాము దృష్టిలో దేవుడు ఏ జనసమూహమును మార్గదర్శకుడు లేక విడువలేదు. ప్రతి సముదాయమునకును ఒక సందేశహరుడు పంపబడినాడని ఖురాను చెప్పును. అందు పేర్కొనబడిన ప్రవక్తలు ఇరువదియైదుగురు. మొత్తము లక్ష యిరువదినాలుగు వేలమంది యని సంప్రదాయములో ఒక లెక్క ప్రసిద్ధము. వీరందఱి సందేశసారము ఒక్కటే: దేవుడు ఏకుడు, అతనికే లొంగియుండుడు. ఆదము, నూహ్, ఇబ్రాహీం, మూసా, ఈసా, వీరందఱును చెప్పినది ఇదియే. కాలక్రమమున మానవులు ఆ సందేశమును మఱచుటయో మార్చుటయో జరుగగా, దేవుడు మరల మరల గుర్తుచేయుచు వచ్చినాడు. చివరిసారి ముహమ్మద్ ద్వారా అందిన వాక్కు ఎన్నటికిని భద్రముగా ఉండును గనుక ఇక మఱొక ప్రవక్త అవసరము లేదు. అందుచేతనే ఖురాను ఆయనను ప్రవక్తల ముద్ర యని పిలిచినది.

క్రైస్తవుని దృష్టిలో ప్రవక్తల పరంపర ఒక ప్రయాణము వంటిది. ప్రతి ప్రవక్తయు కొంతదూరము చూపినాడు. రాబోవు ఒక వ్యక్తిని సూచించినాడు. ఆ వ్యక్తి యేసు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఈ భావముతోనే ఆరంభమగును: పూర్వము ప్రవక్తల ద్వారా మాటలాడిన దేవుడు కడపట కుమారుని ద్వారా మాటలాడినాడని దాని తాత్పర్యము. కావున యేసు ప్రవక్తలలో ఒకడు మాత్రమే కాడు. ప్రవక్తలు ఎవరిని గూర్చి పలికిరో ఆ వాక్కే శరీరము ధరించి వచ్చినదని వారి విశ్వాసము.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. బైబిలును ఖురానుతోను, యేసును ముహమ్మదుతోను పోల్చుట మనకు అలవాటు. కాని ఆయా మతముల లోపలినుండి చూచినచో ముస్లిమునకు దైవవాక్కు గ్రంథరూపమున దిగివచ్చినది. క్రైస్తవునకు దైవవాక్కు వ్యక్తిరూపమున వచ్చినది. అందుచే క్రైస్తవమున యేసునకు గల స్థానముతో ఇస్లామున పోల్చదగినది ఖురానే. ఈ ఒక్క విషయము తెలిసినచో ఇరువురి వాదములోని చిక్కుముడులు అనేకము విడిపోవును.

మఱొక భేదము ప్రవక్తల శీలమును గూర్చినది. బైబిలులో నోవహు ద్రాక్షారసము త్రాగి మత్తుడగును. దావీదు పరుని భార్యను కోరి ఆమె భర్తను యుద్ధమున చంపించును. యోనా దేవుని ఆజ్ఞను తప్పించుకొని ఓడ యెక్కి పారిపోవును. వీరి దోషములను ఆ గ్రంథము దాచదు. దేవుని కృప దోషులను కూడ ఎన్నుకొనునని క్రైస్తవులు దీనినుండి గ్రహింతురు. ఇస్లాము పండితులు మాత్రము ప్రవక్తలు మహాపాపములనుండి రక్షింపబడినవారని సిద్ధాంతీకరించిరి. దీనికి 'ఇస్మత్' అని పేరు. సందేశము తెచ్చువాడు నమ్మదగనివాడైనచో సందేశమును నమ్ముట యెట్లు? ఇది వారి తర్కము. ఖురానులో యూనుస్, అనగా యోనా, కోపించి వెడలిపోయి పశ్చాత్తాపము చెందిన కథ ఉన్నది. దావూదు పశ్చాత్తాపమును కలదు. కాని నోవహు మత్తు, దావీదు పరదారాసక్తి అందు లేవు.

రాజసభలో ప్రమాణచర్చ

ఖలీఫా అడిగిన ముఖ్యప్రశ్న ఇది: యేసును గూర్చి పూర్వగ్రంథముల సాక్ష్యమును స్వీకరించు మీరు, ముహమ్మదును గూర్చి అవే గ్రంథములు చెప్పు సాక్ష్యమును ఏల స్వీకరింపరు?

అతడు చూపిన ప్రమాణములు ప్రధానముగా మూడు. యోహాను సువార్తలో యేసు తన తరువాత రానున్నాడని చెప్పిన 'ఆదరణకర్త' ముహమ్మదే యని మొదటిది. తన తరువాత అహ్మద్ అను సందేశహరుడు వచ్చునని ఈసా చెప్పినట్లు ఖురానులో ఉన్నందున ఈ వాదము ముస్లిములకు సహజమైనది. తిమోతి దీనిని అంగీకరింపలేదు. ఆదరణకర్త దేవుని ఆత్మ. ఆత్మకు శరీరము లేదు, ముహమ్మదునకు శరీరమున్నది. కావున ఇరువురును ఒక్కరు కాజాలరని అతని ప్రత్యుత్తరము.

రెండవది యెషయా గ్రంథమందలి దర్శనము. అందు గాడిదల నెక్కినవారును ఒంటెల నెక్కినవారును కనబడుదురు. గాడిద నెక్కినవాడు యేసు, ఒంటె నెక్కినవాడు ముహమ్మద్ అని ఖలీఫా వ్యాఖ్యానము. ఆ ప్రకరణము బబులోను పతనమును గూర్చినదనియు, ఆ వాహనములు మాదీయ, పారసీక ప్రభువులను సూచించుననియు తిమోతి వివరణ.

మూడవది ద్వితీయోపదేశకాండములో, మీ సహోదరులనుండి నావంటి ప్రవక్త వచ్చునని మోషే చెప్పిన మాట. సహోదరులనగా ఇష్మాయేలు సంతతియైన అరబ్బులని ఖలీఫా పక్షము; ఇశ్రాయేలు వంశజులే యని తిమోతి పక్షము.

ఈ వాక్యములు మార్చబడినవి కావా యని కూడ ఖలీఫా ప్రశ్నించినాడు. దీనికి తిమోతి చెప్పిన సమాధానము యుక్తియుక్తము. యూదులును క్రైస్తవులును పరస్పర విరోధులు. అయినను ఇరువురి వద్దను ధర్మశాస్త్రము, ప్రవక్తల గ్రంథములు ఒక్కటిగానే ఉన్నవి. విరోధులు కలిసి ఒకే విధముగా మార్చుట యెట్లు సంభవించును?

యేసు మరణమును గూర్చియు వాదము నడిచినది. తన ప్రవక్త శత్రువుల చేత అట్టి అవమానము పొందుటకు దేవుడు సమ్మతింపడని ఖలీఫా భావము. ఖురాను కూడ ఈసా సిలువ వేయబడలేదని చెప్పుచున్నది. పూర్వప్రవక్తలు కూడ వధింపబడిరి గదా, దానివలన వారి గౌరవము తగ్గినదా యని తిమోతి ప్రశ్న. ఇచ్చట మూలభేదము మరల బయటపడును. ఒకరికి ప్రవక్తను రక్షించుట దైవమహిమ. మఱియొకరికి కుమారుని బాధయే రక్షణమార్గము.

పొగడ్తయు, దాని హద్దును

సంవాదమున కఠినమైన క్షణము మఱొకటి ఉన్నది. ముహమ్మదును గూర్చి నీవేమందువని ఖలీఫా నేరుగా అడిగినాడు.

ఇదివఱకే దమస్కు యోహాను అను క్రైస్తవ పండితుడు ముహమ్మదును అబద్ధప్రవక్తగా వర్ణించియున్నాడు. తిమోతి ఆ మార్గమున పోలేదు. ముహమ్మద్ వివేకవంతులందఱి ప్రశంసకును అర్హుడనినాడు. ఆయన జనులకు దేవుని ఏకత్వమును బోధించినాడు, దుష్కర్మలనుండి మరల్చినాడు, విగ్రహారాధననుండి వేఱుచేసినాడు, కావున ప్రవక్తల మార్గమున నడచినాడని చెప్పినాడు. బంధుజనుల విగ్రహములను విడిచిన అబ్రాహాముతోను, దూడను పూజించినవారిని శిక్షించిన మోషేతోను పోల్చినాడు.

ఈ వాక్యమును జాగ్రత్తగా గమనింపవలెను. ప్రవక్తల మార్గమున నడచినాడని చెప్పినాడే కాని ప్రవక్త యని చెప్పలేదు. ప్రవక్తల పరంపర బాప్తిస్మమిచ్చు యోహానుతోను యేసుతోను సమాప్తమైనదనియు, ఇక రావలసినవాడు యుగాంతమున ఏలీయా మాత్రమేననియు అతని సిద్ధాంతము. ఖురాను దైవదత్తమా యని అడుగగా, అది నిర్ణయించుట తన పని కాదని చెప్పి, పూర్వగ్రంథములు అద్భుతముల చేత స్థిరపరుపబడినవి గాని దీనికి అట్టి సాక్ష్యము లేదని మాత్రము అనినాడు. ముస్లిము పండితుల ప్రత్యుత్తరము తెలిసినదే: ఎవ్వరును అనుకరింపజాలని ఖురాను వాక్కే ఆ అద్భుతము.

కొందఱు తిమోతి మాటలను రాజభయజనితమైన ముఖస్తుతి యందురు. నాకు అట్లు తోచదు. ముఖస్తుతి చేయువాడు ఆ ఒక్క పదమును కూడ చెప్పి బయటపడును. ఆ ఒక్క పదమును అంగీకరించినచో నీ మాటలెంతయు సుందరములగునని ఖలీఫా సూచించినను అతడు చెప్పలేదు. తన విశ్వాసము అనుమతించిన మేరకు పొగడి, అది ఆగిన చోట తానును ఆగినాడు.

చీకటి యింటిలో ముత్యము

చివరకు తిమోతి ఒక ఉపమానము చెప్పినాడు. రాత్రివేళ చీకటి యింటిలో అనేకులున్నారు. వారి నడుమ ఒక ముత్యము పడినది. అందఱును వెదకిరి. ఒకనికి ముత్యమే దొరకినది; ఒకనికి గాజుముక్క, మఱియొకనికి రాతిముక్క దొరకినది. ఎవనికి వాడు తన చేతిలోనిదే ముత్యమని ఆనందించుచున్నాడు. తెల్లవాఱి వెలుగు వచ్చినప్పుడు గాని ఎవని చేతిలో ఏది ఉన్నదో తెలియదు. ఈ లోకము ఆ చీకటి యిల్లు. సత్యవిశ్వాసము ఆ ముత్యము.

అట్లయిన ఈ లోకమున తెలియుటకు వీలే లేదా యను ప్రశ్న వచ్చినది. సత్కర్మలు, దైవసాక్ష్యములు అను కొంత వెలుగు ఇచ్చటను ఉన్నదని తిమోతి చెప్పినాడు. ముత్యము మా వద్దనే ఉన్నదని ఆశించుచున్నామని ఖలీఫా అనగా, దేవుడు దానిలో మాకును భాగమిచ్చుగాక యని పాత్రియార్కు ప్రార్థించినాడు.

దీనిని సర్వమతములు ఒక్కటే యను బోధగా గ్రహించుట పొరపాటు. ఉపమానములో ముత్యము ఒక్కటే. తక్కినవి గాజును రాయియును. తన చేతిలోనిదే ముత్యమని తిమోతికి సందేహము లేదు, ఖలీఫాకును లేదు. సందేహము లేకయే ఇరువురును ఒకరి మాట ఒకరు రెండు దినములు వినిరి.

సంవాదముతో వివాదము ముగియలేదు. తరువాతి శతాబ్దమున అలీ అల్ తబరీ అను వైద్యపండితుడు వృద్ధాప్యమున క్రైస్తవమును విడిచి ఇస్లామును స్వీకరించి, బైబిలు వాక్యములతోనే ముహమ్మదు ప్రవక్తృత్వమును నిరూపింప ఒక గ్రంథము వ్రాసినాడు. ఆ వాక్యములపై చర్చ నేటికిని సాగుచునే ఉన్నది.

జిజ్ఞాసువులకు

పరమతమును వినునప్పుడు దానిని వెంటనే మన పదములలోనికి మార్చుకొనుట మనకు సులభము. యేసు ఒక అవతారము, ముహమ్మద్ ఒక ఋషి యని గౌరవముతోనే అనుచుందుము. గౌరవము మంచిదే. కాని యేసు శరీరధారణ ఒక్కమాఱు మాత్రమే జరిగినదని, మరల మరల జరుగునది కాదని క్రైస్తవుడు నమ్మును. ప్రవక్తయందు ఈశ్వరాంశ ఉన్నదనుట ముస్లిమునకు ఘోరాపచారము. మన మెచ్చుకోలు వారిని చేరకమునుపే వారి అర్థము జారిపోవుచున్నది.

పూర్వపక్షమును దాని స్వంత వాదులు ఒప్పుకొను రీతిలో చెప్పిన పిదపనే సమాధానము చెప్పవలెనని మన శాస్త్రసంప్రదాయము. బాగ్దాదు సభలో ఆ నియమము చాలవఱకు పాటింపబడినది. ఈసారి 'ప్రవక్త' అను మాట చెవిని పడినప్పుడు, పలికినవాడు ఎవరు, అతని మనస్సున ఆ మాటకు అర్థమేమి యని ఒక క్షణము ఆగి అడిగినచో, ఆ సంవాదమును చదివినందుకు ఫలము దక్కినట్లే.