గృహహింస నుంచి బయటపడిన మహిళల పునరావాసం (వరంగల్)

కాపురంలో హింస తాళలేక గడప దాటిన స్త్రీకి ఆశ్రయం, న్యాయసహాయం, బతుకుదెరువు, తనదైన నివాసం సమకూర్చే ప్రయత్నమే ఈ పునరావాసం. నేడు హనుమకొండ, వరంగల్ జిల్లాల మధ్య విడిపోయిన వరంగల్ నగరంలో దీనికి తొలి మెట్టు సఖి కేంద్రం. నిర్భయ నిధితో 2015 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన వన్ స్టాప్ సెంటర్లకు తెలంగాణలో వాడుక పేరు ‘సఖి’. వైద్యం, పోలీసు సాయం, న్యాయసలహా, కౌన్సెలింగ్ అన్నీ అక్కడే దొరుకుతాయి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. పథకం నిబంధనల ప్రకారం అక్కడ తలదాచుకునే గడువు గరిష్ఠంగా 5 రోజులు.

అసలు కష్టం ఆరో రోజున మొదలవుతుంది. ఎక్కువ కాలం ఉండాల్సినవారి కోసం స్వధార్ గృహాలు ఉండేవి. 2022లో కేంద్ర పథకమైన మిషన్ శక్తి కింద వీటిని, అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల గృహాలను కలిపి శక్తి సదన్‌లుగా మార్చారు. ఉద్యోగం చేసే మహిళల హాస్టళ్లకు సఖి నివాస్ అని పేరు పెట్టారు.

2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఇంకో మార్గం చూపింది. 17వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలో హక్కు లేకపోయినా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉంది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఈ హక్కు చెల్లవచ్చని 2020లో సతీశ్ చందర్ ఆహూజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తన్నులు తిన్న గదికే మళ్లీ వెళ్లి పడుకొమ్మనడం అందరికీ న్యాయం కాదు. అందుకే 19వ సెక్షన్ కింద అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో భర్తను మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఈ సంగతి తెలియక ఎందరో “సర్దుకుపో బిడ్డా” అన్న పుట్టింటి మాటతో వెనుదిరుగుతారు.

కుట్టుమిషన్ నేర్పితే చాలనుకోవడం పొరపాటు. తన పేరున బ్యాంకు ఖాతా, ఆధార్‌లో చిరునామా మార్పు, వేరే రేషన్ కార్డు, పిల్లల బడి టీసీ: స్వతంత్ర జీవితానికి ఇవే మొదటి పాఠాలు. తెలంగాణలో 2017లో మొదలైన ఒంటరి మహిళల పింఛను 2019లో 2,016 రూపాయలైంది. అది గది అద్దెకే చాలదు. అద్దె ఇంటికి అడ్వాన్స్ కావాలి, “మీ ఆయన ఏం చేస్తాడు?” అన్న ప్రశ్నకు జవాబూ కావాలి.

ఇక సొంత ఇంటి విషయానికొస్తే, రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద ఇందిరమ్మ ఇల్లు మహిళ పేరునే మంజూరవుతుంది. 5 లక్షల రూపాయల సాయం తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికే. అత్తింటి జాగా వదిలి కట్టుబట్టలతో వచ్చినామెకు ఆ జాగా ఎక్కడిది?