కార్తూస్ ఎవరి చేతిలో ఉంటే బందూక్ వారిదే

మన ఇళ్లలో బందూక్ అంటాం, పక్కింట్లో తుపాకి అంటారు. మొదటిది అరబ్బీ నుంచి, రెండోది తుర్కీ నుంచి వచ్చిన మాట. రెండింటికీ ప్రాణం పోసే కార్తూస్ మాత్రం ఫిరంగీల భాష నుంచి వచ్చింది. ఆ మాట మన తారీఖ్‌లో ఎంత జుల్మ్ చూసిందో!

1857లో ఎన్‌ఫీల్డ్ కార్తూస్‌ను పళ్లతో కొరకాలన్నారు. దానికి ఆవు, పంది కొవ్వు పూశారన్న మాట హిందూ, ముసల్మాన్ సిపాయిలిద్దరినీ మండించింది. బగావత్ అణచివేశాక కంపెనీ పోయి రాణీ హుకూమత్ వచ్చింది. ఆ హుకూమత్ ఒక సబఖ్ నేర్చుకుంది: తెల్ల సిపాయికి గాడులున్న రైఫిల్, హిందుస్తానీ సిపాయికి గురి తక్కువైన నునుపు గొట్టం.

ఇప్పుడు మన్యానికి రండి. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. గూడెంలో తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల పేరుతో గిరిజనులను పీల్చి పిప్పి చేశాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొర దళంతో చింతపల్లి ఠాణా మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు దొరికాయి.

లెక్క వేయండి. ఒక్కో తుపాకికి వంద తూటాలు కూడా లేవు. నాటు తుపాకి అయితే సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు నూరుకోవచ్చు, సీసం ముక్క కూరి పేల్చుకోవచ్చు. సర్కారీ తుపాకి అలా కాదు. ఇత్తడి గొట్టం, అడుగున క్యాప్, లోపల మందు, కొసన గుండు, అన్నీ దాని కొలతకే సరిపోవాలి. అలాంటివి డమ్‌డమ్, కిర్కీ కార్ఖానాల్లో తయారయ్యేవి, కొండ మీద గుడిసెలో కాదు. బందూక్ జబ్తు చేసినా దాని ఆకలి తీర్చే తాళంచెవి హుకూమత్ దగ్గరే ఉంది.

అటు ఫౌజ్ దగ్గర 1888 నుంచి .303 ఉండేది. ఇషాపూర్ కార్ఖానా ఆ రైఫిళ్లనే తొలిచి పోలీసులకు .410 మస్కెట్లు చేసింది. కార్తూస్ గొట్టం .303దే, మెడ మాత్రం సన్నం చేయలేదు. అందుకే ఆ కార్తూస్ ఫౌజీ రైఫిల్‌లో దూరదు. మ్యాగజైన్‌లో కర్రముక్క బిగించి, ఒకసారికి ఒక్కటే పేలేలా చేశారు. 1857 భయం అప్పటికీ పోలేదన్నమాట.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ మన్యంలోకి దిగింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు షహీద్ అయ్యాడు. రెండేళ్లకు దగ్గరగా సాగిన ఆ జంగ్‌కు తూటాల సరఫరా లేదు. విల్లంబులు, అడవి దారులు, అన్నం పెట్టిన గూడేలే దాని అసలు తాఖత్.

ఆజాదీ తర్వాత 1960ల్లో ఇషాపూర్ 7.62 రైఫిల్ చేసింది. దాని తూటా .303కి పనికిరాదు, దీనిది దానికీ పనికిరాదు. అయినా .303 మన పోలీసు భుజం దిగలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి అల్విదా చెప్పింది 2020లో.

ఆయుధం ఎవరి చేతిలో ఉందని అడగడం సగం సవాలే. కార్తూస్ ఎక్కడ తయారవుతోంది, ఎవరు ఇస్తున్నారు అన్నదే మిగతా సగం.